పన్నెండో ఫారం

మా చెల్లెలి మనవరాలు ఈ మధ్య పాత పుస్తకాలు ఫోన్లో అమ్ముతోంది. ఫోటో తీస్తుంది, కింద ‘మంచి కండిషన్’ అని రెండు మాటలు రాస్తుంది, అంతే, పని అయిపోయింది. మొన్న వచ్చి, “అమ్మమ్మా, నువ్వు కూడా ఇదే పని చేసినవంట గద, నువ్వెట్ల రాసేదానివి?” అని అడిగింది. నేను మంచిగా రాసిన పుస్తకాల గురించి చెప్పుకుంటే గొప్పగానే ఉంటుంది. కానీ పని నేర్పింది అవి కాదు. ఒక్క పుస్తకం విషయంలో నేను రాసిన మూడు మాటల అబద్ధం నేర్పింది. ఆ సంగతి తనకు చెప్పాను. ఈ పనిలో ఉన్న మిగతా పిల్లలకు కూడా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

నేను మొదట టైపు మేడాన్ని. ఖమ్మంలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పద్దెనిమిదేళ్లు లోయర్, హయ్యర్ నేర్పాను. రెండువేల సంవత్సరం దాటేసరికి పిల్లలు కంప్యూటర్ సెంటర్లకు పోవడం మొదలుపెట్టారు. మా మిషన్లను పాత ఇనుము కింద తూచి ఇచ్చేశాక, ఏడాదిపాటు ఖాళీగా ఉన్నాను. అప్పుడు బస్టాండ్ దగ్గర పాత పుస్తకాల షాపు ఓనరు గారు కబురు పెట్టారు. ఆయనది మధిర వైపు. కొత్త సంగతి ఏది వచ్చినా ముందు తన షాపులోకి రావాలనే మనిషి. హైదరాబాదు నుంచి నడిచే ఒక వెబ్‌సైటులో పాత పుస్తకాలు అమ్మకానికి పెట్టొచ్చని ఎవరో చెప్పారట. కంప్యూటర్ కొన్నారు, నెట్ పెట్టించారు. కానీ వేళ్లు ఎటు పెట్టాలో ఆయనకు తెలియదు. నాకు వేళ్లు తప్ప ఇంకేమీ తెలియదు. అలా కుదిరింది.

షాపులో నాతోపాటు పనిచేసేది బైండింగ్ చాచా ఒక్కరే. అరవై దాటిన మనిషి. ఊడిన పుస్తకాలు కుట్టడం, అట్టలు అతికించడం ఆయన పని. వెనక గదిలో చాప మీద కూర్చుని, మైదా జిగురు గిన్నె పక్కన పెట్టుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తల ఎత్తేవారు కాదు. నన్ను ‘బేటీ’ అనేవారు. నాకప్పటికే నలభై ఆరేళ్లు.

షాపుకొచ్చి కొనేవాడు పుస్తకాన్ని చేత్తో పట్టుకుంటాడు, తిప్పుతాడు, వాసన చూస్తాడు. నెట్‌లో కొనేవాడికి మనం రాసిన మాటలే చేతులు. ఆ రోజుల్లో ఫోటోలు పెట్టడం కూడా తక్కువ. కాబట్టి పుస్తకానికి ఒక దర్జా కట్టాలి, కింద నాలుగు లైన్ల వివరం రాయాలి. ‘కొత్తదానిలా ఉంది’, ‘చాలా బాగుంది’, ‘బాగుంది’, ‘ఫరవాలేదు’, ‘చదువుకోవడానికి పనికొస్తుంది’ అని ఐదు దర్జాలు ఒక అట్టముక్క మీద రాసి కంప్యూటర్ పైన అంటించుకున్నాను.

ఓనరు గారికి చివరి రెండూ గిట్టవు.

“ఫరవాలేదు ఏంటి మేడంగారూ? హోటలాయన ‘ఇడ్లీ ఫరవాలేదు’ అని బోర్డు పెడతాడా?”

“ఉన్నది ఉన్నట్టు రాయకుంటే వెనక్కి పంపిస్తరు సార్.”

“పంపితే చూద్దాం. ముందు కొననివ్వండి.”

ఆయనతో రోజూ ఇదే పేచీ. అయినా నేను తగ్గలేదు. అట్ట మీద నీటి మరక ఉంటే అది ఎంత వెడల్పుందో, లోపలి పేజీలకు పాకిందో లేదో రాసేదాన్ని. మొదటి పేజీలో పాత యజమాని పేరు ఏ రంగు సిరాతో ఉందో, గీతలు పెన్నువా పెన్సిల్‌వా, మూల మడత ఎన్నో పేజీలో ఉందో రాసేదాన్ని. ఒకసారి దూరపు ఊరి లెక్చరర్ ఒకాయన, పుస్తకం అందింది, మీరు రాసినంత పాడుగా ఏమీ లేదు అని మెయిల్ పెట్టారు. దాన్ని ప్రింటు తీసి దాచుకున్నాను. మనిషికి గర్వం ఎక్కడి నుంచైనా వస్తుంది.

టైపు మిషన్ మీద ఒకే లైను వంద కాగితాల మీద కావాలంటే వంద సార్లు కొట్టాలి. కంప్యూటర్లో ఒక్కసారి కొట్టి, దాన్నే ఎన్నిసార్లయినా అంటించొచ్చు. అది తెలిసిన రోజు నాకు పండగే. ప్రతి వివరం చివరా ఎలాగూ ఉండాల్సిన లైను ఒకటి ఉంది. ‘పేజీలన్నీ సరిగ్గా ఉన్నాయి.’ మొదటి పాతిక ముప్పై పుస్తకాలకు నిజంగానే చూసి రాశాను. తర్వాత ఆ లైను దానంతట అదే వచ్చి కూర్చునేది. చాచా ఎలాగూ ప్రతి పుస్తకాన్నీ చూసే బయటికి పంపుతారు కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

చాచా నిజంగానే చూసేవారు. పుస్తకం అచ్చయ్యేటప్పుడు పెద్ద కాగితాన్ని మడిచి పదహారు పేజీల కట్టలు చేస్తారు. ఒక్కో కట్టను ఫారం అంటారు. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె వేస్తారు. మనం దాన్ని చూడం. చాచా మాత్రం పుస్తకం వెన్ను విరవకుండా బొటనవేలితో తిప్పుతూ ఆ అంకెలే చూసుకుంటూ పోయేవారు. ఎక్కడైనా తేడా ఉంటే అక్కడ నీలం రంగు గాలిపటం కాగితం ముక్క పెట్టేవారు. ఆ ముక్క ఉందంటే పుస్తకం ఇంకా ఆయనదే, నా టేబుల్ మీదికి రాకూడదు.

ఒక రోజు టీచరు పోస్టుల పరీక్షకు చదువుకునే లావుపాటి గైడు ఒకటి నా టేబుల్ మీదికి వచ్చింది. చాచా మధ్యాహ్నం నమాజుకు పోయినప్పుడు ఓనరు గారు వెనక గదిలోంచి ఒక దొంతర తెచ్చి పెట్టారు, అందులో అదీ ఉంది. పాత పుస్తకాల్లో బస్సు టికెట్లు, హాల్ టికెట్లు, ఎండిపోయిన పూలు, ఎవరో ఎవరికో రాసి ఇవ్వని చీటీలు ఉంటాయి. వివరం రాసేముందు అవన్నీ దులిపేదాన్ని. గైడును దులిపితే నీలం ముక్క పడింది. చూశాను. చాచా పని అయిపోయి ఉంటుంది, తీయడం మర్చిపోయారు అనుకున్నాను. చాచా అప్పటికి తిరిగొచ్చారు, వెనక గదికి పది అడుగుల దూరం. లేచి అడగలేదు. ముక్కను చెత్తబుట్టలో వేసి, దర్జా ‘బాగుంది’ అని కొట్టి, కింద అలవాటైన లైను అంటించాను.

వారం తిరక్కుండానే భద్రాచలం నుంచి ఆర్డరు వచ్చింది. వీపీపీలో పంపించాం. డబ్బు కట్టి తీసుకున్నట్టు పోస్టాఫీసు నుంచి కాగితం వచ్చింది. నేను ఆ పుస్తకాన్ని మర్చిపోయాను.

నెల దాటింది. ఎండలు మండుతున్నాయి. ఒక సోమవారం పదకొండింటప్పుడు ఒక అమ్మాయి షాపులోకి వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. జుట్టంతా దుమ్ము. తువ్వాలులో చుట్టిన పుస్తకాన్ని కౌంటర్ మీద పెట్టి విప్పింది. గైడు.

“గిది మీ దగ్గర తీస్కున్న మేడం. నెట్ సెంటర్ల చూసి ఆర్డర్ పెట్టిన. జర చూడండ్రి,” అని నూట డెబ్బై ఆరో పేజీ తీసింది. దాని ఎదుటి పేజీ మీద వేలు పెట్టింది. అక్కడ నూట డెబ్బై ఏడు ఉండాలి. నూట అరవై ఒకటి ఉంది. అక్కడి నుంచి మళ్లీ అవే పదహారు పేజీలు. అవి అయ్యాక నూట తొంభై మూడు.

పదకొండో ఫారం రెండుసార్లు పడింది. పన్నెండో ఫారం లేదు. పుస్తకం మందం సరిగ్గానే ఉంది, చివరి పేజీ అంకె సరిగ్గానే ఉంది. పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు.

ఓనరు గారు వచ్చి చూశారు. “అయ్యో, తీసేసుకుంటాం తల్లీ. నీ డబ్బులు, బస్సు ఖర్చులు కూడా ఇచ్చేస్తాను,” అన్నారు. ఆ విషయంలో ఆయన పెద్దమనిషే.

“నాకు పైసలొద్దు సార్. గా పదహారు పేజీలు గావాలె. పరీక్ష ఇంక పదకొండు రోజులే ఉన్నది.”

“ఇంకో కాపీ మా దగ్గర లేదమ్మా. ఈ ఎడిషన్ ఇప్పుడు రావడం లేదు.”

ఆ అమ్మాయి ఆయన్ని వదిలి నా వైపు తిరిగింది. కోపంగా కాదు. లెక్క తేలని పిల్ల టీచర్ని అడిగినట్టు అడిగింది.

“పేజీలన్నీ సరిగ్గ ఉన్నయని రాసిండ్రు గద మేడం. చూసే రాసిండ్రా?”

“చూసే రాసినం,” అన్నాను.

ఎందుకన్నానో ఇన్నేళ్లలో చాలాసార్లు ఆలోచించాను. పెద్ద కారణమేమీ దొరకలేదు. ఓనరు గారు పక్కనే ఉన్నారు, ఆ పిల్ల కళ్లు నా మీద ఉన్నాయి, ఆ మాట నోట్లో సిద్ధంగా ఉంది. అంతే.

కానీ ఆ మాట అక్కడితో ఆగలేదు. చూసే రాశామంటే, చూసినవాడికి కనబడలేదని అర్థం. ఓనరు గారు వెనక గదిలోకి తిరిగి, “చాచా! ఇటు రండి,” అని కేకేశారు. చాచా జిగురు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చారు. పుస్తకం చూపించారు.

“ఇంత పెద్ద తప్పు కనపడలేదా? కళ్లు సరిగా లేకపోతే చెప్పొచ్చు కదా. ఈ పిల్ల ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి.”

చాచా పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు. ఫారం అడుగున ఉన్న పదకొండు అంకెను వేలితో తడిమారు. మళ్లీ ఇంకో పదకొండును తడిమారు.

“తప్పయింది సార్,” అన్నారు మెల్లగా. నెలలో ఆయన చేతుల మీదుగా వందల పుస్తకాలు పోతాయి. ఏ పుస్తకంలో ఏం చూశారో ఎవరికి గుర్తుంటుంది? నాకు గుర్తుంది. నీలం ముక్క చెత్తబుట్టలోకి పోతూ గాలికి ఒకసారి పైకి లేచింది కూడా గుర్తుంది. నేను నోరు విప్పలేదు.

ఆ అమ్మాయి పుస్తకాన్ని తిరిగి తువ్వాలులో చుట్టుకుంది. మిగతాదైనా చదువుకుంటానంది. ఊరి పేరు, పోస్టు అడ్రసు ఒక కాగితం మీద రాయించుకుని, “ఆ పేజీలు నేను సంపాదిస్తనమ్మా,” అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. “సరె మేడం,” అని పోయింది.

మరుసటి రోజంతా ఖమ్మంలో ఉన్న కోచింగ్ సెంటర్లన్నీ తిరిగాను. అందరి దగ్గరా కొత్త ఎడిషన్ ఉంది, అందులో ఆ పాఠం మార్చేశారు. చివరికి నా దగ్గర ఒకప్పుడు టైపు నేర్చుకున్న ఒకామె గుర్తొచ్చింది. ముదిగొండలో ఉంటుంది, ఇద్దరు పిల్లల తల్లి, ఆమె కూడా ఆ పరీక్షే రాస్తోంది. ఫోన్ చేస్తే ఆ పుస్తకం ఉందంది. సంగతి చెప్పాను.

“మేడం, ఆమె నేను ఒకటే పరీక్ష రాస్తున్నం గద,” అంది.

“అవ్.”

“మీరే గద ఎవరి కాగితం వాళ్లే కొట్టుకోవాలె అనేటోళ్లు.”

“అవ్, అన్న.”

ఆమె నవ్వింది. రేపు పొద్దున రమ్మంది, ఆలోపు ఆ పాఠం తాను ఇంకోసారి చదివేసుకుంటానంది. బుధవారం పోయి, పుస్తకం తీసుకుని, అక్కడే బజార్లో జిరాక్సు తీయించి, గంటలో తిరిగి ఇచ్చేశాను. షాపుకొచ్చి పదహారు పేజీలూ ఒక్కొక్కటే చూశాను. నూట ఎనభై ఐదో పేజీ అడుగున మూడు లైన్లు నల్లగా అలుక్కుపోయాయి. మళ్లీ ముదిగొండ పోవడానికి వీల్లేదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అక్షరాలు ఆనుతున్నాయి. ఒక్కో మాటా చదివి కింద చేత్తో రాశాను. పైన ఒక కాగితం పెట్టి దాని మీద ఇలా రాశాను: ‘జిరాక్సు ప్రతి. 177 నుంచి 192 వరకు, పదహారూ చూశాను. 185లో చివరి మూడు లైన్లు నల్లబడ్డాయి, చేత్తో రాశాను. అందులో ఒక మాట అనుమానంగా ఉంది, దాని కింద గీత గీశాను.’ షాపులో చేరాక అలాంటి వివరం రాయడం అదే మొదటిసారి అనిపించింది.

పోస్టులో పంపితే ఎప్పటికి చేరుతుందో తెలియదు. అడవిలోపలి ఊళ్లకు ఉత్తరాలు వారానికి రెండుసార్లే పోతాయని పోస్టాఫీసులో చెప్పారు. గురువారం తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కాను. ఓనరు గారికి ఊరికి పోతున్నానని మాత్రమే చెప్పాను. చాచాకు ఏమీ చెప్పలేదు. ఆ మూడు రోజులుగా వెనక గదివైపు పోలేదు నేను. ఆయన కూడా పెద్దగా పని చేస్తున్నట్టు చప్పుడు లేదు.

భద్రాచలంలో దిగి, అక్కడి నుంచి జీపులో పోయి, ఆ తర్వాత రెండు కిలోమీటర్లు నడిచాను. ఊరు చేరేసరికి పదకొండున్నర. ఇళ్లు దూరం దూరంగా ఉన్నాయి. అన్ని వాకిళ్లలోనూ ఒకటే పని జరుగుతోంది. తునికాకు సీజను. బీడీలు చుట్టే ఆకు. తెల్లవారకముందే అడవిలోకి పోయి కోసుకొస్తారు, మధ్యాహ్నం కట్టలు కడతారు, సాయంత్రం కల్లంలో అప్పజెప్తారు. కల్లం అంటే ఆ కట్టలు కొని ఎండబెట్టే చోటు. దాన్ని చూసుకునే మనిషిని కల్లేదారు అంటారు. ఇవన్నీ నాకు ఆ రోజే తెలిసింది.

ఆ అమ్మాయి పందిరి కింద గైడు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చేతులు మాత్రం ఆకులు పేరుస్తున్నాయి. నన్ను చూసి లేచి నిలబడింది. వాళ్లమ్మతో తమ భాషలో ఏదో చెప్పింది. ఆమె నాకు పీట వేసి, చెంబుతో నీళ్లిచ్చి, గిన్నెలో జొన్న జావ పోసి పెట్టింది.

కాగితాలిచ్చాను. అమ్మాయి పైనున్న వివరం చదివింది. తర్వాత పదహారు పేజీలూ ఒక్కొక్కటే అంకె చూసి, కింద లైను చూసి, పక్కన పెట్టింది. నేను ఎదురుగానే ఉన్నాను, అంత దూరం నుంచి వచ్చాను, పదహారూ చూశానని రాసి ఇచ్చాను. అయినా చూసింది. నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. నూట ఎనభై ఐదు దగ్గర ఆగి, నేను గీత గీసిన మాటను రెండుసార్లు చదివింది.

“గిది ‘ప్రేరణ’ మేడం. మీరు ‘ప్రేరకం’ అని రాసిండ్రు,” అని పెన్నుతో దిద్దింది.

వాళ్లమ్మ మా వైపు చూడకుండా ఆకులు ఏరుతోంది. చేతిలోకి తీసుకోవడం, వెనక్కి తిప్పడం, వేరే పక్కకు వేయడం. చాలా వేగం. ఏదో ఒకటి మాట్లాడాలని, పక్కకు వేసిన ఆకొకటి తీసి, “ఇది మంచిగనే ఉంది గదమ్మా, ఎందుకు తీసినవ్?” అని అడిగాను.

ఆమె ఆకును నా చేతిలోంచి తీసుకుని వెలుతురుకు పట్టింది. గుండుసూది మొనంత చిల్లు.

“చిల్లు. గిది ముదురు. గిది మచ్చ,” అని ఇంకో రెండు చూపించింది. “కట్టకు యాభై ఆకు. ఒక్కటి గిట్ల ఉన్నా కల్లేదారు కట్ట ఇసిరేస్తడు.”

“అన్ని కట్టలు ఇప్పి చూస్తడా?”

“అన్ని చూడడు.”

“మరి?”

“ఏది ఇప్పుతడో తెల్వదు గద,” అంది. ఆకుల మీదికి వంగి మళ్లీ ఏరుకోసాగింది.

అమ్మాయి నన్ను జీపు ఆగే చోటి దాకా సాగనంపడానికి వచ్చింది. ఎండలో ఇద్దరం నడిచాం. రోడ్డు కనబడేసరికి, “ఆ రోజు నువ్వు అడిగినవ్ గద, చూసే రాసిండ్రా అని. చూడలేదు,” అన్నాను.

“ఎరకే మేడం,” అంది. “గా తాతను మాత్రం తిట్టిండ్రు గద సార్. ఆయన తప్పు ఉన్నదా?” అంది.

“లేదు.”

జీపు వచ్చింది, ఎక్కాను. భద్రాచలం వంతెన మీద గోదారి సన్నగా, ఇసుక మధ్య రెండు పాయలుగా పోతోంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, రేపు ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఖమ్మం దాకా ఆలోచించుకుంటూ వచ్చాను.

శుక్రవారం షాపుకు పోయేసరికి వెనక గది ఖాళీ. చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. జిగురు గిన్నె ఎండిపోయి ఉంది.

“చాచా ఏరి సార్?”

“కంటి దవాఖానాకి వెళ్లారు. నిన్న కూడా పోయారట, జనం ఎక్కువై చూడలేదట.” ఓనరు గారు ఏదో చదువుతున్నట్టు తల దించుకున్నారు. “నేను అలా అనుండాల్సింది కాదు. కానీ పెద్దాయన, కళ్లు చూపించుకోవడం మంచిదేలెండి.”

పదకొండు దాటాక చాచా వచ్చారు. చేతిలో దవాఖానా చీటీ. కళ్లలో చుక్కల మందు వేసినట్టున్నారు, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని మెట్లు ఎక్కారు. కౌంటర్ పట్టుకుని నిలబడ్డారు.

“ఏమన్నారు చాచా?” ఓనరు గారు అడిగారు.

“ఏం లేదన్నడు సార్ డాక్టరు. అద్దాలు సరిపోతున్నయి, కండ్లు మంచిగనే ఉన్నయన్నడు.” చీటీని కౌంటర్ మీద పెట్టి చేత్తో సాఫు చేశారు. “కండ్లు మంచిగుంటే మరి నాకెట్ల కనబడలే? నలభై ఏండ్లాయె ఈ పని చేయబట్టి. గా పెద్ద అంకె కనబడలేదంటే కండ్లన్న పోవాలె, దిమాగన్న పోవాలె. నాలుగు దినాలాయె, సూది పట్టాలంటే భయమైతున్నది.”

బస్సులో అనుకున్న మాటలేవీ గుర్తు రాలేదు.

“మీకు కనబడ్డది చాచా,” అన్నాను. “మీరు నీలం కాగితం పెట్టిండ్రు. నేనే తీసి పడేసిన. అడగకుండనే పేజీలన్నీ ఉన్నయని రాసిన.”

ఆయన నన్ను చూశారు. మందు వల్ల కళ్లు పెద్దవిగా ఉన్నాయి, సరిగా ఆనలేదేమో, ఒక అడుగు దగ్గరికి వచ్చి చూశారు.

“నీకెప్పుడు యాదికొచ్చింది?”

“ఆ పిల్ల వచ్చిన రోజే. మీరు ‘తప్పయింది’ అన్నప్పుడే.”

ఆయన చీటీని నాలుగు మడతలు మడిచి జేబులో పెట్టుకున్నారు. తిడతారనుకున్నాను. ఓనరు గారైనా తిడతారనుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి, ఏం చేయాలో తోచక, ఫ్యాను స్విచ్చి ఒకసారి ఆపి మళ్లీ వేశారు. చాచా వెనక గదిలోకి పోయారు. చాప పరిచిన చప్పుడు వినబడింది.

ఉద్యోగం ఊడలేదు. మరుసటి రోజు ఓనరు గారు చాచాకు టీ తానే తీసుకెళ్లి ఇచ్చారు. క్షమించమన్నారో లేదో నాకు వినబడలేదు. నాతో మాత్రం ఒక్కటే చెప్పారు: “ఆ లైను అన్నిటి కిందినుంచీ తీసేయండి. చూసిన పుస్తకానికే మళ్లీ పెట్టండి.” అప్పటికి వెబ్‌సైటులో మావి ఏడొందల పైచిలుకు పుస్తకాలున్నాయి. ఒక్కోటీ షెల్ఫులోంచి దింపడం, ఫారాలు చూడటం, వివరం తిరగరాయడం. వానాకాలమంతా అదే పని. అమ్మకాలు తగ్గాయి. ‘ఫరవాలేదు’లు బాగా పెరిగాయి. ఓనరు గారు హోటలాయన ఊసు మళ్లీ ఎత్తలేదు. ఇరవై దాకా పుస్తకాలకు నా ఐదు దర్జాల్లో ఏదీ సరిపోలేదు. అట్టముక్క మీద కింద ఆరోది రాశాను: ‘అమ్మకానికి కాదు.’

చిన్నవాళ్లు అడుగుతుంటారు, దర్జా ఎట్లా కట్టాలి అని. నాకు తెలిసింది కొంచెమే. మనం చూసింది రాయాలి, చూడనిది చూడలేదని రాయాలి. రెండోది రాయడానికే చెయ్యి రాదు. ‘పేజీలు లెక్కపెట్టలేదు’ అని రాస్తే కొనేవాళ్లు పోతారని భయం. కొందరు పోతారు కూడా. ఫోటోల వల్ల ఆ బాధ తప్పిందని మా మనవరాలు అంటుంది. ఫోటోలో అట్ట కనబడుతుంది. పన్నెండో ఫారం కనబడదు.

ఆ వానాకాలం నేనూ చాచా ఒకే టేబుల్‌కు అటూ ఇటూ కూర్చునేవాళ్లం. ఆయన పుస్తకం తిప్పి అంకె చెప్పేవారు, నేను కొట్టేదాన్ని. అంకె తప్ప నాతో ఇంకో మాట లేదు. “నూట డెబ్బై రెండు. పూర.” “మూడొందల నాలుగు. తొమ్మిదో ఫారంల చినిగింది.” పొద్దున వస్తే సలాం లేదు, సాయంత్రం పోతుంటే పోతున్నానని లేదు. బేటీ అన్న పిలుపు లేదు. నేను అడిగినా అంకెలోనే జవాబు. మొదటి వారం బాధపడ్డాను. తర్వాత ఆ హక్కు ఆయనకుందని ఊరుకున్నాను.

ఆగస్టులో అనుకుంటా, షాపు అడ్రసుకు నా పేరున ఒక కార్డు వచ్చింది. భద్రాచలం ముద్ర. నాలో నేను చదువుకుంటుంటే చాచా పుస్తకం తిప్పడం ఆపారు.

“గా పిల్లదేనా?”

రెండున్నర నెలల్లో అంకె కాని మొదటి మాట. అవునన్నాను.

“గట్టిగ చదువు.”

చదివాను. ‘మేడం గారికి నమస్కారములు. రిజల్ట్స్ వచ్చినవి. మీరు ఇచ్చిన పేజీలలో నుండి రెండు ప్రశ్నలు వచ్చినవి. రెండూ కరెక్టు రాసినాను. లిస్టులో నా పేరు రాలేదు. మూడు మార్కులు తక్కువ అయినవి. అవి వేరే పాఠాల్లో పోయినవి, మీ పేజీల వల్ల కాదు. మళ్ళీ రాస్తాను. తాతగారి కళ్ళు మంచిగున్నవా?’

రెండేళ్లకు ఆమెకు ఉద్యోగం వచ్చిందని, అడవి వైపే ఒక బడిలో వేశారని తర్వాత తెలిసింది. ఆ రోజుకు మాత్రం మాకు తెలిసింది ఆ కార్డులో ఉన్నంతే. మూడు మార్కులు.

చాచా కార్డు అడిగి తీసుకున్నారు. తెలుగు చదవడం ఆయనకు అంతగా రాదు, అచ్చుపని వల్ల అంకెలు, కొన్ని అక్షరాలు తెలుసు. అయినా రెండు వైపులా తిప్పి చూశారు, చివరి లైను మీద వేలు పెట్టి ఇదేనా అన్నట్టు నా వైపు చూశారు. అదే అన్నాను. కార్డు నాకిచ్చి, తర్వాతి పుస్తకం తీసుకుని, బొటనవేలితో ఫారాలు తిప్పారు.

“రెండొందల ఎనిమిది. పూర,” అన్నారు. నేను కొట్టాను. ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టారు గానీ ఇంకోటి తీయలేదు. కిటికీలోంచి వానను కాసేపు చూశారు.

“జవాబు రాయి బేటీ,” అన్నారు. “మంచిగున్నయని రాయి.”